వరి లోపలి సూక్ష్మజీవులు – 3వ పాఠం: వేరును ఏ రోజున తవ్వాలి?

గత పాఠంలో వేరు పైభాగాన్ని శుద్ధి చేయడం నేర్చుకున్నాం. కడిగిన వేర్లను 70 శాతం ఆల్కహాలులోనూ, తరువాత సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలోనూ ముంచి, శుద్ధజలంతో పలుమార్లు కడిగి, చివరిసారి కడిగిన నీటిని అగార్ పళ్లెంపై (సూక్ష్మజీవులు పెరిగే జెల్లీ పోసిన పళ్లెంపై) పోసి చూశాం. ఆ పళ్లెంలో ఒక్క కాలనీ (కంటికి కనిపించే సూక్ష్మజీవుల గుంపు) లేచినా ఆ నమూనాను పక్కన పెట్టవలసిందే. ఈ పాఠం అంతకంటే ముందు పొలంలో తీసుకోవలసిన నిర్ణయానికి సంబంధించినది.

రెండు వరి రకాలు తీసుకుందాం. ఎం.టి.యు. 1010 సుమారు 120 రోజుల పంట; బి.పి.టి. 5204, అంటే సాంబ మసూరి, సుమారు 150 రోజుల పంట. రెండింటినీ ఒకే రోజున నారు పోసి, 75వ రోజున రెండింటి వేర్లనూ తవ్వి తెచ్చి, కాలనీల సంఖ్యలో కనిపించిన తేడాను జన్యుభేదంగా రాసుకోవడం ఈ పనిలో అన్నిటికంటే సులువుగా జరిగే పొరపాటు. వరిలో అంకురం (విత్తనం మొలక కాదు, పిలక లోపల వెన్ను రూపుకట్టడం మొదలయ్యే దశ) నుంచి పూతకు సుమారు 35 రోజులు, పూత నుంచి కోతకు సుమారు 30 రోజులు పడుతుంది. రకాన్ని బట్టి ముఖ్యంగా మారేది అంతకుముందున్న పిలకల దశ. ఈ లెక్కన 1010లో అంకురం దాదాపు 55వ రోజుకు, సాంబ మసూరిలో దాదాపు 85వ రోజుకు ఏర్పడుతుంది. కాబట్టి 75వ రోజున మొదటిది పొట్టకు (వెన్ను ఆకు తొడుగులో ఉబ్బే దశకు) దగ్గరవుతుండగా రెండవది ఇంకా పిలకల దశలోనే ఉంటుంది. అప్పుడు కనిపించిన తేడాలో రకం వంతు ఎంతో, దశ వంతు ఎంతో విడదీయలేము.

దశకు ఇంత పట్టు ఎందుకంటే, వేరు స్రవించే చక్కెరలు, ఆమ్లాలే సూక్ష్మజీవులకు ఆహారం. ఆ స్రావాలు పైరు ఎదిగేకొద్దీ పెరిగి, గింజ ముదిరే నాటికి తగ్గిపోతాయి. అమెరికాలో కాలిఫోర్నియా, ఆర్కాన్సా వరి పొలాలపై 2018లో వెలువడిన అధ్యయనంలో, వేరులోని బ్యాక్టీరియా సమూహం శాకీయ దశ (అంకురానికి ముందు ఆకులు, పిలకలు ఎదిగే దశ) అంతటా మారుతూ వచ్చి, పునరుత్పత్తి దశలో చాలావరకు నిలకడకు వచ్చింది. అలాగని జన్యువు పాత్ర చిన్నది కాదు. చైనాలో 2019లో వెలువడిన పరిశోధన, వరిలోని రెండు ప్రధాన ఉపజాతులైన ఇండికా, జపోనికాల వేరు బ్యాక్టీరియాలో ఉన్న తేడాకు నైట్రేటును మోసే ఎన్.ఆర్.టి.1.1బి అనే జన్యువుతో సంబంధం ఉందని చూపింది. ఒక్క జన్యువు ఇంతమంది అతిథుల ఎంపికలో పాలుపంచుకోవడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

అందువల్ల తేదీని కాక దశను చూసి తవ్వండి. ప్రతి రకంలోనూ గట్టుకు దూరంగా ఉన్న కొన్ని దుబ్బుల నుంచి పెద్ద పిలకను కోసి, మొదలు నుంచి పైకి బ్లేడుతో నిలువుగా చీల్చండి. పై కణుపు మీద ఒకటి రెండు మిల్లీమీటర్ల తెల్లని నూగు మొన కనిపిస్తే అంకురం ఏర్పడినట్లే. అయితే ఇలా తవ్వితే రెండు రకాల నమూనాల మధ్య దాదాపు నెల ఎడం వస్తుంది. ఆ నెలలో నీరు, ఎండ, ఎరువు అన్నీ మారతాయి. దీనికి విరుగుడుగా సాంబ మసూరి నారును 30 రోజులు ముందు పోసిన మడిని కూడా ఉంచుకోవాలి; అప్పుడు రెండు రకాలూ ఇంచుమించు ఒకేసారి అంకురానికి వస్తాయి. రెండు పద్ధతుల్లోనూ నిలిచిన తేడానే నేను రకానికి ఆపాదిస్తాను. తవ్విన ప్రతిసారీ, పైరు లేని చోటి మట్టిని కూడా ఒక నమూనాగా తీసుకోవాలి.

అభ్యాసం: మీకు అందుబాటులో ఉన్న రెండు రకాల పంటకాలాలు తెలుసుకొని, పై లెక్క ప్రకారం వాటి అంకురం, పూత తేదీలను వేసి, పిలకలను చీల్చి ఆ తేదీలను సరిచూడండి. వచ్చే పాఠంలో ఆ వేర్లనే నూరి, పలుచన చేసి, కాలనీలను లెక్కిద్దాం.