అర యూనిట్ కరెంటును కొనే ముందు: పోర్టబుల్ పవర్ స్టేషన్‌ను బేరీజు వేసుకోవడం ఎలా

విజయవాడలో పవర్ స్టేషన్ అనగానే ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలే ఎవరికైనా గుర్తుకొస్తాయి. ఇక్కడ చెప్పబోయేది ఒంటి చేత్తో ఎత్తగలిగే పెట్టె గురించి. లిథియం బ్యాటరీని, దాన్ని ఛార్జ్ చేసే పరికరాన్ని, 230 వోల్టుల కరెంటుగా మార్చే ఇన్వర్టర్‌ను ఒకే తొడుగులో బిగించి, ముందువైపు ప్లగ్ పాయింట్లు, యూఎస్‌బీ పోర్టులు, చిన్న తెర అమర్చి అమ్ముతున్నారు. సూర్యలంక తీరంలో ఒక రాత్రి గుడారం వేసుకునే వారికీ, అద్దె ఇంట్లో ఇన్వర్టర్ వైరింగ్‌కు ఓనరు ఒప్పుకోని వారికీ ఇది అక్కరకు వస్తుంది. కొనే ముందు దుకాణదారుడిని అడగవలసిన ప్రశ్నల కన్నా మన ఇంట్లో మనం వేసుకోవలసిన లెక్కలే ఎక్కువ కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

అట్టపెట్టె మీద సాధారణంగా మూడు రకాల అంకెలు కనిపిస్తాయి. వాట్లు అనేవి ఆ పెట్టె ఒకేసారి ఎంత విద్యుత్ భారం మోయగలదో చెబుతాయి. వాట్-అవర్లు అందులో ఎంత సరుకు ఉందో చెబుతాయి. మూడోది మిల్లీ ఆంపియర్ అవర్, అంటే ఎంఏహెచ్. వీటిలో వాట్-అవర్ ఒక్కటే మన కరెంటు బిల్లుకు చుట్టం. బిల్లులో ఒక యూనిట్ అని రాసేది 1000 వాట్-అవర్లను. బజారులో ఎక్కువగా దొరికే 512 వాట్-అవర్ల పెట్టెలో ఉండేది అర యూనిట్ కన్నా కాస్త ఎక్కువ, అంతే. వేల రూపాయలు పోసి కొంటున్నది అర యూనిట్ పట్టే డబ్బాను అని తెలిశాక చాలా ఆశలు వాటంతట అవే సర్దుకుంటాయి.

ఎంఏహెచ్ అంకె దగ్గర నేనే ఒకసారి బోల్తా పడ్డాను. లక్ష ఎంఏహెచ్ అని రాసిన పెట్టెను చూసి, మన ఫోను బ్యాటరీ 5000 కదా, ఇరవైసార్లు ఎక్కించుకోవచ్చు అనుకుని కొన్నాను. ఆ లక్షను లోపలి సెల్లు వోల్టేజీ అయిన 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే 370 వాట్-అవర్లు. అందులో ఇన్వర్టర్ వాటా పోగా ప్లగ్ దగ్గర నాకు దక్కింది 290 చిల్లర. అమ్మిన వారు అబద్ధమేమీ ఆడలేదు, పెద్దగా కనిపించే అంకెను ముందు పెట్టారు. వాట్-అవర్ అంకె ఎక్కడా ముద్రించని పెట్టెను నేను ఆ తరువాత చేత్తో కూడా పట్టుకోలేదు.

ఇంటి అవసరాన్ని కొలవడానికి ప్రత్యేక పరికరం కూడా అక్కర్లేదు. గోడకున్న కరెంటు మీటరు మీద ఒక ఎర్రటి చుక్కదీపం మినుకుమినుకుమంటూ ఉంటుంది, దాని పక్కనే యూనిట్‌కు ఎన్నిసార్లు వెలుగుతుందో రాసి ఉంటుంది. చాలా ఇళ్లలో ఆ అంకె 3200. ఇంట్లో అన్నీ ఆపేసి, ఫ్రిజ్ ప్లగ్ కూడా తీసేసి, పడకగదిలోని ఫ్యాను ఒక్కటే వేసి, పది నిమిషాలలో ఆ దీపం ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టండి. వచ్చిన సంఖ్యను 1.875తో గుణిస్తే ఆ ఫ్యాను ఎన్ని వాట్లు తింటున్నదో వస్తుంది. పాత ఫ్యానుకు 40 మెరుపులు, అంటే 75 వాట్లు. తక్కువ కరెంటు తినే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యానుకు 16 మెరుపులు, అంటే 30 వాట్లు వస్తాయి. మీటరు మీద 3200 కాక వేరే సంఖ్య ఉంటే, పది నిమిషాల లెక్కను ఆరుతో హెచ్చవేసి, ఆ సంఖ్యతో భాగించి, వెయ్యితో గుణిస్తే సరిపోతుంది.

ఇప్పుడు అసలు లెక్క. 512 వాట్-అవర్లలో పదో వంతు కరెంటును మార్చడంలోనే పోతుంది, మిగిలేది 460 దాకా. దానికి తోడు ఇన్వర్టర్ స్విచ్ వేసి ఉంచినందుకే గంటకు పది వాట్-అవర్ల వరకు ఖర్చవుతుంది. ఒక బీఎల్‌డీసీ ఫ్యాను, ఒక వైఫై రౌటర్, ఒక తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు కలిపి 49 వాట్లు, ఇన్వర్టర్ సొంత తిండితో 59. అంటే ఏడున్నర గంటల పైచిలుకు, వేసవి రాత్రి పదింటికి కరెంటు పోయినా తెల్లవారుజామున ఐదు దాటేవరకు గడిచిపోతుంది. అదే పాత ఫ్యాను పెడితే నాలుగున్నర గంటలకే పెట్టె చేతులెత్తేస్తుంది. ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెబుతాను: పెద్ద పెట్టె కొనాలా అని తర్జనభర్జన పడేవారు, ముందు పడకగదిలోని ఫ్యానును మార్చడం మేలు. ఆ ఖర్చు పెద్ద పెట్టెకు అదనంగా పెట్టే సొమ్ములో చిన్న భాగమే అవుతుంది, పైగా ఏడాది పొడుగునా బిల్లు కూడా తగ్గుతుంది.

రౌటర్ విషయంలో ఒక చిన్న కిటుకు ఉంది. చాలా రౌటర్ల అడాప్టర్ మీద 12 వోల్టులు అని రాసి ఉంటుంది, పవర్ స్టేషన్‌కు కూడా 12 వోల్టుల గుండ్రటి డీసీ పోర్టు ఉంటుంది. సరైన పిన్ను ఉన్న తీగ ఒకటి కొని, ప్లస్ మైనస్‌లు సరిచూసుకుని నేరుగా కలిపితే, బ్యాటరీ కరెంటును 230కి పెంచి, మళ్లీ 12కు దించే వృథా ప్రయాణం తప్పుతుంది, ఇన్వర్టర్‌నే ఆపేసి ఉంచవచ్చు. ఫోన్లు, యూఎస్‌బీ ఫ్యాన్లు, యూఎస్‌బీ-సీ ఉన్న ల్యాప్‌టాప్‌లు కూడా ఇదే పద్ధతిలో వాడుకోవాలి.

వేడి పుట్టించే పనులకు ఈ పెట్టెను దూరంగా ఉంచాలి. ముప్పై డిగ్రీల లీటరు నీటిని మరిగించడానికి భౌతికశాస్త్రం ప్రకారమే 81 వాట్-అవర్లు కావాలి, కెటిల్ వెలుపలికి పోయే వేడి కలుపుకుంటే ఇంకాస్త. అంటే నలుగురికి టీ పెట్టేసరికి 512లో ఐదో వంతు ఆవిరైపోతుంది. అదీ 1200 వాట్ల కెటిల్‌ను మోయగల ఇన్వర్టర్ ఉంటేనే. కొన్ని పెట్టెల్లో బూస్ట్ అనే సదుపాయం ఉంటుంది. అది వోల్టేజీని తగ్గించి పెద్ద హీటర్లను కూడా మెల్లగా నడిపిస్తుంది, కానీ మోటారు ఉన్న మిక్సీకీ ఫ్రిజ్‌కూ అది పనికిరాదు.

ఫ్రిజ్ గురించి అందరూ అడుగుతారు. నడిచేటప్పుడు వంద వాట్లు తినే ఫ్రిజ్, కంప్రెసర్ అందుకునే ఆ క్షణంలో దానికి అనేక రెట్లు లాగుతుంది కాబట్టి, పెట్టె మీద రాసిన సర్జ్ సామర్థ్యం, అంటే క్షణకాలం మోయగల వాట్లు కూడా చూడాలి, అంతకన్నా మీ ఫ్రిజ్‌నే తగిలించి చూడాలి. అయితే తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్ నాలుగు గంటల దాకా చల్లదనాన్ని నిలుపుకుంటుంది. రెండు గంటల కోతకు ఫ్రిజ్‌ను పవర్ స్టేషన్ మీద పెట్టడం అనవసరం. ఇన్వర్టర్ గోడ ప్లగ్ కరెంటులాగే నునుపైన తరంగాన్నిచ్చే ప్యూర్ సైన్ వేవ్ రకమై ఉండాలన్నది మాత్రం రాజీ పడకూడని విషయం. మెట్లుమెట్లుగా ఉండే మాడిఫైడ్ సైన్ వేవ్ మీద ఫ్యాన్లు గుర్రుమంటాయి, మోటార్లు వేడెక్కుతాయి.

బ్యాటరీ రకం విషయానికి వస్తే, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అని స్పష్టంగా రాసి ఉన్న దానినే నేను సిఫారసు చేస్తాను. ఈ సెల్లులు మూడు వేలసార్లు, ఆ పైన కూడా ఛార్జ్ చేసినా ఎనభై శాతం సామర్థ్యం నిలుపుకుంటాయని తయారీదారులు ప్రకటిస్తారు. నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన రకానికి ఆ సంఖ్య వందల్లోనే ఉంటుంది. రెండో రకం తేలిక, మొదటిది వేడికి ఓర్చుకుంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లో ఉంటూ రెండు కిలోల బరువు కలిసొస్తుందని ఓర్పును వదులుకోవడం నాకు సబబుగా తోచదు. ఎంత ఓర్పున్నా లిథియం సెల్లులను 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. మే నెల మధ్యాహ్నం శ్లాబు కింద అటక మీద, ఎండలో నిలిపిన కారు డిక్కీలో వేడి అంతకు మించుతుంది. పెట్టెను ఇంట్లో నేల మీద, గాలి ఆడే చోట ఉంచాలి. వాడని నెలల్లో సగం ఛార్జ్‌తో ఉంచి, మూడు నెలలకొకసారి తెర చూడాలి.

పెట్టెను నింపుకునే మార్గాలను కూడా ముందే చూసుకోవాలి. గోడ ప్లగ్ నుంచి గంటన్నరలోపు నిండే పెట్టె కోతకూ కోతకూ మధ్య దొరికే వ్యవధిని వాడుకోగలదు. ఆరు గంటలు పట్టేది వాడుకోలేదు. వేసవిలో లో-వోల్టేజీ ఉండే ప్రాంతాల వారు ఇన్‌పుట్ ఎంత వోల్టేజీ నుంచి తీసుకుంటుందో వెనుకవైపు చూడాలి, 100 నుంచి 240 అని ఉంటే నిశ్చింత. ప్లగ్ పాయింటు మన మూడు పిన్నులకు సరిపోతుందా అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, వదులుగా ఊగే అడాప్టర్ దగ్గరే నిప్పురవ్వలు పుడతాయి.

సోలార్ ప్యానెల్ కలిపి అమ్మే బేరాన్ని కొంచెం అనుమానంతో చూడాలి. వంద వాట్ల మడత ప్యానెల్ మంచి ఎండలో 60 నుంచి 75 వాట్లు ఇస్తుంది, మబ్బు కమ్మితే పది ఇరవైకి పడిపోతుంది. అంటే కోతలు గంటలతో పోయే ఎండాకాలంలో అది బాగా పనిచేస్తుంది, నిజంగా గండం వచ్చే వానాకాలంలో ముఖం చాటేస్తుంది. మిద్దె మీది పెద్ద ప్యానెల్‌ను తెచ్చి తగిలిద్దామనుకునే వారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పెద్ద ప్యానెల్ వోల్టేజీ 45 దాటవచ్చు, చిన్న పెట్టెల ఇన్‌పుట్ హద్దు చాలాసార్లు 30 లోపే. ఆ హద్దు దాటితే లోపలి భాగం కాలిపోతుంది, వారంటీ కూడా వర్తించదు.

గండం అన్నాను కాబట్టి 2024 సెప్టెంబరు మొదటి వారాన్ని గుర్తు చేసుకోవాలి. విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు వీధులు మునిగినప్పుడు కరెంటు రోజుల తరబడి లేదు. మేడ మీదికి చేరిన వారికి ఫ్యాను కన్నా ఫోనులో ఛార్జ్ ముఖ్యమైంది. నష్టాలు కలుపుకుని ఒక ఫోనుకు 25 వాట్-అవర్లు అనుకుంటే, నిండు పెట్టె ఇరవైసార్లు ఛార్జ్ ఇస్తుంది: నాలుగు ఫోన్లు, ఐదు రోజులు. అలాంటి రోజుల్లో ఫ్యాను వేసుకున్న మొదటి రాత్రే మిగిలిన రోజుల ఫోన్లు ఖర్చయిపోతాయి. కాబట్టి ఇంట్లో రెండు జాబితాలు ఉండాలి, గంటల కోతకు ఒకటి, రోజుల కోతకు ఒకటి. వాన ముందస్తు హెచ్చరిక రాగానే పెట్టెను నిండుగా నింపి, నేల మీద నుంచి ఎత్తి బల్ల మీద పెట్టాలి.

గుడారపు లెక్క తేలిక. రెండు యూఎస్‌బీ ఫ్యాన్లు ఎనిమిది గంటలకు 80, ఒక దీపం ఐదు గంటలకు 25, మూడు ఫోన్లకు 75, మొత్తం 180 వాట్-అవర్లు. సుమారు మూడున్నర కిలోల 256 వాట్-అవర్ల పెట్టె చాలు, సముద్రపు ఇసుకలో ఆరేడు కిలోలది మోయడం దేనికి? చల్లార్చే ఫ్యాను రంధ్రాల్లోకి ఇసుక, ఉప్పుగాలి పోకుండా గుడారం లోపల చిన్న పీట మీద ఉంచాలి, గుడ్డ మాత్రం కప్పకూడదు.

ఇల్లంతా నడవాలనుకునే సొంతింటి వారికి పవర్ స్టేషన్ సరైన సమాధానం కాదని చెప్పడం నా బాధ్యత. ఇంటి ఇన్వర్టర్‌కు పెట్టే 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ ట్యూబులర్ బ్యాటరీలో 1800 వాట్-అవర్లు ఉంటాయి, డిస్టిల్డ్ వాటర్ పోసే శ్రమ ఉన్నా రూపాయికి వచ్చే సరుకు అక్కడే ఎక్కువ. పవర్ స్టేషన్‌ను రెండు వైపులా పిన్నులున్న తీగతో ఇంటి సాకెట్‌లోకి ఎక్కించి ఇల్లంతా నడపాలని మాత్రం ఎవరూ ప్రయత్నించవద్దు. బయటికి కనిపించే ఆ పిన్నుల్లో 230 వోల్టులు ఉంటాయి, మెయిన్ ఆపడం మరిచిపోతే వీధిలో తీగ బాగుచేసే లైన్‌మన్ ప్రాణానికే ముప్పు.

కొన్నాక వాపసు గడువు లోపలే పరీక్ష పెట్టాలి. పెట్టెను నిండుగా ఛార్జ్ చేసి, దాని ప్లగ్‌కూ నడిపే పరికరాలకూ మధ్య ప్లగ్-ఇన్ ఎనర్జీ మీటరు పెట్టి, పాత ఫ్యాను, వంద వాట్ల పాతకాలపు బల్బు కలిపి, పెట్టె తనంతట తాను ఆగేదాకా వదిలేయాలి. 512 పెట్టెకు మీటరు 0.42 యూనిట్లు, అటూఇటూగా చూపాలి. 0.38 కన్నా తక్కువ చూపితే నేనైతే మారు మాట్లాడకుండా వెనక్కి పంపుతాను. కరెంటు పోయిన క్షణంలోనే అందుకునే యూపీఎస్‌గా వాడదలచుకుంటే డెస్క్‌టాప్ కంప్యూటర్‌ను తగిలించి, గోడ స్విచ్ ఐదారుసార్లు ఆపి చూడాలి, ఒక్కసారి రీస్టార్ట్ అయినా ఆ ఆశ వదులుకోవాలి. సర్వీసు సెంటరు ఊళ్లోనే ఉందా, లేక పెట్టెను కొరియర్‌లో పంపమంటారా అని బిల్లు కట్టక ముందే అడగాలి. పెద్ద లిథియం బ్యాటరీలను అన్ని కొరియర్లూ తీసుకోవు. విమానంలో కూడా 160 వాట్-అవర్లు దాటిన బ్యాటరీని ప్రయాణికులు తీసుకుపోలేరు. మాట తప్పిన అమ్మకందారు మీద ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

పరీక్షలో వచ్చిన అంకెను, తేదీని ఒక తెల్ల ప్లాస్టర్ ముక్క మీద రాసి పెట్టె అడుగున అంటించండి. నా ఇప్పటి పెట్టె మీద ప్రస్తుతం రెండు వరుసలున్నాయి, మొదటిది 0.43, ఏడాది తరువాతది 0.42. మూడో వరుసకు చోటు వదిలాను.