పాత పేపరు నోటీసుల్లో ఒకామె జాడ

అమెరికాలోని చిన్న ఊళ్ల పాత వారపత్రికల్లో ఒకావిడ కోసం వెతికేవాళ్లు చాలామంది ఆమె పేరు కొట్టి, ఏమీ దొరక్క వదిలేస్తారు. పెళ్లయ్యాక పేపర్లో ఆమె ఎక్కువగా భర్త పేరు వెనకే ఉంటుంది: ‘మిసెస్’ అని, ఆపైన ఆయన పేరు, ఇంటిపేరు. అందుకని ముందు వెతకాల్సింది భర్త పేరే. అదీ ముక్కలుగానే దొరుకుతుంది. విలియంని ‘డబ్ల్యూఎం’ అనీ, జేమ్స్‌ని ‘జేఏఎస్’ అనీ కుదించి అచ్చువేసేవాళ్లు. కొన్నిచోట్ల ఉత్త పొడి అక్షరాలే. ఆమె రెండో పెళ్లి చేసుకుంటే కథ మళ్లీ మొదటికే.

మరణవార్తతో మొదలుపెట్టి వెనక్కి నడవండి. కూతుళ్లు ఏ ఇంటిపేర్లలోకి వెళ్లారో, అన్నదమ్ములు ఏ ఊళ్లో ఉన్నారో అక్కడ తెలుస్తుంది. ‘నీ’ (née) అన్న చిన్న మాట తర్వాత వచ్చేది పుట్టింటి పేరు. 1890 జనాభా లెక్కల కాగితాలు 1921 అగ్నిప్రమాదం తర్వాత దాదాపు ఏవీ మిగల్లేదు. 1880లో పదిహేనేళ్ల పిల్ల 1900 నాటికి వేరే ఇంటిపేరుతో నలుగురు పిల్లల తల్లి అయివుండొచ్చు. ఆ ఇరవై ఏళ్ల మధ్యలో పెళ్లివార్తే వంతెన.

లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి పాత పత్రికల వెబ్‌సైటు ‘క్రానిక్లింగ్ అమెరికా’లో పేజీలు ఉచితం. కానీ అరిగిన అచ్చును కంప్యూటర్ తప్పు చదువుతుంది: ఇంగ్లిష్ ‘ఆర్’, ‘ఎన్’ పక్కపక్కన పడితే ‘ఎం’ అనుకుంటుంది. ఇంటిపేరుతో దొరక్కపోతే వీధి పేరో భర్త వృత్తో వేసి, తేదీలు బిగించి చూడండి. అప్పటికీ లేకపోతే ఒక్కో పేజీ తిరగేయాల్సిందే.

తేదీల దగ్గర తొందరపడొద్దు. ‘10 ఇన్‌స్ట్’ అంటే ఆ నెల 10. ‘అల్ట్’ అంటే కిందటి నెల. ‘కిందటి గురువారం’ అని ఉంటే పేపరు తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. వార్త పక్క ఊరి పేపర్లోంచి ఎత్తి వేసిందైతే ఆ గురువారం ఆ పేపరు లెక్కది. అప్పుడు ఒక వారం తేడా సులువుగా వస్తుంది.

‘నా భార్య నా పడకా భోజనమూ వదిలి వెళ్లింది, ఆమె చేసే అప్పులకు నాకు బాధ్యత లేదు’ అన్న భర్తల ప్రకటనలు తగుల్తాయి. అవసరాలకు భార్య చేసిన అప్పు చట్టం ప్రకారం భర్త మీద పడేది కాబట్టి, కొట్లవాళ్లను హెచ్చరించడానికి వేయించేవాళ్లు. ఆమె లేచిపోయిందని దాన్నిబట్టి రాసేయకండి; అది ఒక పక్షం మాటే. తర్వాతి నాలుగైదు సంచికలు చూడండి, కొందరు భార్యలు డబ్బు కట్టి మరీ జవాబు వేయించారు.

ఆస్తి పంపకాల నోటీసులు వరసగా కొన్ని వారాలు వస్తాయి. ఒక సంచిక చిరిగితే తర్వాతిది చూడండి; మొదటిసారి అచ్చైన తేదీ చాలావాటిలో నోటీసు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. కత్తిరించి దాచుకునే ముక్క మీద పత్రిక పేరు, తేదీ, పేజీ, కాలమ్ అప్పుడే రాసిపెట్టుకోండి.