మేగ్నెట్ కొనేముందు అంకె పక్కన అక్షరం చూడండి

గాజువాకలో నాది వైండింగ్ షాపు. ఇరవై ఏళ్ళపాటు ఫ్యాన్లు, బోరు మోటార్లు చుట్టాను. ఈమధ్య ఎలక్ట్రిక్ స్కూటర్ల హబ్ మోటార్లు, అంటే చక్రం లోపలే ఉండే మోటార్లు, ఎక్కువొస్తున్నాయి. వీటిలో తీగ కాలడం కంటే మేగ్నెట్లు ఊడటమో, నీళ్ళు దిగి తుప్పు పట్టడమో ఎక్కువ. పాత బిళ్ళలు తీసి కొత్తవి అంటించాలి. చూడ్డానికి తేలికే. నేను దెబ్బతిన్నది అక్కడే.

ఒక కుర్రాడి బండికి బిళ్ళలన్నీ మార్చాను. సైజు సరిపోయింది, గట్టిగా లాగుతున్నాయి, చాలనుకున్నాను. మే నెలలో బండి తిరిగొచ్చింది. ‘అన్నా, ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ ఎక్కట్లేదు, బ్యాటరీ కూడా నిలబడట్లేదు’ అన్నాడు. చక్రం గాల్లోకి లేపి తిప్పితే మునుపటికంటే జోరుగా తిరుగుతోంది. లోడు పడితే మాత్రం కరెంటు లాగేస్తోంది, లాగుడు లేదు. ఈ రెండూ కలిసి కనిపిస్తే వైండింగ్ విప్పకండి, మేగ్నెట్లు నీరసించాయని అర్థం. మళ్ళీ అన్నీ నా డబ్బుతోనే మార్చాను. సరుకిచ్చిన వ్యాపారిని అడిగితే ‘గురువుగారూ, మేగ్నెట్ అంటే మేగ్నెటే’ అన్నాడు.

కాదు. ముందు అది ఏ రకమో చూసుకోండి. నల్లగా, పలకరాయిలా మెరుపు లేకుండా ఉంటే ఫెర్రైట్. అందులో రేర్ ఎర్త్ అనే ఖరీదైన లోహాలు ఉండవు, చవక. నికెల్ పూతతో స్టీలు గిన్నెలా మెరిస్తే చాలామటుకు నియోడిమియం. దాని బరువులో దాదాపు మూడో వంతు రేర్ ఎర్త్, నూటికి ఒక్క పాలు బోరాన్, మిగతాదంతా ఇనుమే. అందుకే పూత లేచిందంటే తుప్పు. గీతలు పడ్డ బిళ్ళ తీసుకోకండి.

తర్వాత గ్రేడ్ అడగండి. ఎన్35, ఎన్42, ఎన్52 అంటారు. ఆ అంకె బలం. అంకె తర్వాత ఏ అక్షరమూ లేకపోతే సుమారు 80 డిగ్రీల వేడి వరకే దాని ఓపిక, దాటితే నీరసిస్తుంది. ఎం ఉంటే 100, హెచ్ అయితే 120, ఎస్‌హెచ్ 150, యూహెచ్ 180. హబ్ మోటారుకి నేనైతే ఎస్‌హెచ్‌కి తగ్గను. ఎన్52 అని ఊరించినా అక్షరం లేకపోతే వద్దు. ఆ బలం షాపులోనే, ఎండలో లోడుతో ఎక్కేటప్పుడు కాదు.

నమ్మకం కుదరకపోతే ఒక బిళ్ళ పాడుచేసుకుని చూడండి. దారానికి కట్టి ఎన్ని చిన్న నట్లు లేపుతుందో లెక్కపెట్టండి. మరిగే నీళ్ళలో పావుగంట ఉంచి, పూర్తిగా చల్లారాక మళ్ళీ లెక్కపెట్టండి. అక్షరం లేని నా పల్చటి బిళ్ళ ముందు పద్నాలుగు లేపింది, తర్వాత తొమ్మిది. ఎస్‌హెచ్ బిళ్ళకి లెక్క మారలేదు. పొయ్యి మీద మాత్రం కాల్చకండి.

ఇక ఆ అక్షరానికి అంత ధర ఎందుకంటే, వేడికి ఓర్చుకోవడానికి సాధారణంగా డిస్ప్రోసియమో టెర్బియమో కొద్ది పాళ్ళు కలుపుతారు. రేర్ ఎర్త్స్ మొత్తం 17 మూలకాలు. ఈ రెండూ బరువైన జాతి, నియోడిమియం తేలిక జాతి. అమెరికాలో మౌంటెన్ పాస్, చైనాలో బయాన్ ఓబో లాంటి పెద్ద గనుల్లో దొరికేది ఎక్కువగా తేలికవే. బరువైనవి ముఖ్యంగా దక్షిణ చైనాలో జియాంగ్‌షీ వైపు బంకమట్టిలోంచి, సరిహద్దు దాటి మయన్మార్ కాచిన్ కొండల్లోంచి వస్తాయి. శుద్ధి చేసేది దాదాపు అంతా చైనాయే.

2025 ఏప్రిల్ 4న చైనా ఏడు మూలకాల ఎగుమతికి లైసెన్సు పెట్టింది: సమేరియం, గడోలినియం, టెర్బియం, డిస్ప్రోసియం, లుటేషియం, స్కాండియం, ఇట్రియం. జాబితాలో నియోడిమియం లేదు, గమనించండి. అయినా డిస్ప్రోసియమో టెర్బియమో కలిసిన మేగ్నెట్‌కి లైసెన్సు కావాలి. అంటే అక్షరం లేని బిళ్ళ వచ్చింది, అక్షరం ఉన్నది ఓడరేవులో ఆగింది. ఆ మేలో షికాగోలో ఫోర్డ్ ప్లాంటు వారం రోజులు మూతపడింది, జపాన్‌లో సుజుకీ స్విఫ్ట్ తయారీ ఆగింది. ఇలాంటి కరువులోనే వ్యాపారి చేతిలో ఎన్35 బిళ్ళ ఎస్‌హెచ్ అయిపోతుంది. కాబట్టి పేపర్లో రేర్ ఎర్త్ వార్త పడితే ముందు ఏ మూలకమో చూడండి. సరుకు తెచ్చుకోవాలో ఆగాలో దాన్నిబట్టే తేలుతుంది.

రెండోది, వార్త ఏ మెట్టు గురించో చూడండి. ఇసుక, ఆక్సైడు, లోహం, మేగ్నెట్... నాలుగూ వేరు. భీమిలి ఒడ్డున అల వెనక్కి పోయాక నల్లటి చార కనిపిస్తుంది కదా, అలాంటి ఇసుకలోనే మోనజైట్ అనే రేర్ ఎర్త్ ఖనిజం ఉంటుంది. మన తీరంలో దాని నిల్వలు చాలా ఎక్కువ. అందులో నియోడిమియం ఉంది, డిస్ప్రోసియం మాత్రం లెక్కలోకి రానంత. పైగా థోరియం కలిసి ఉండటం వల్ల అది అణుశక్తి చట్టం కిందికొస్తుంది, కాబట్టి సీసాల్లో పట్టుకొచ్చి ప్రయోగాలు చేయకండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ ఒడిశా ఛత్రపూర్‌లో ఇసుక వేరుచేస్తుంది, కేరళ ఆళువాలో ఆక్సైడు తీస్తుంది. మనం వెనకబడింది ఆ తర్వాతి మెట్ల దగ్గర. విశాఖలో మేగ్నెట్ ప్లాంటు ఉంది కదా అంటారు. ఉంది, 2023లో మొదలైంది. అక్కడ చేసేది సమేరియం కోబాల్ట్ అనే వేరే రకం మేగ్నెట్, ఏడాదికి మూడు వేల కిలోలు. నా స్కూటర్లకి కాదు. 2025 నవంబరులో కేంద్రం ఏడాదికి 6,000 టన్నుల మేగ్నెట్ల తయారీకి రూ.7,280 కోట్ల పథకం ఒప్పుకుంది. ఫ్యాక్టరీ లేచేదాకా నేను బిల్లు మీద గ్రేడ్ అక్షరంతో సహా రాయించుకుంటున్నాను. రాయనన్నవాడి దగ్గర కొనను.

అంటించేటప్పుడు పాత బిళ్ళల ఉత్తర దక్షిణాలు మార్కరుతో గుర్తుపెట్టుకోండి, ఒకటి విడిచి ఒకటి తిరగాలి. మధ్యలో చెక్కముక్క పెట్టి మెల్లగా జార్చండి, లేకపోతే వేలు చితుకుతుంది. గ్రైండరు పెట్టకండి, ఆ పొడికి నిప్పంటుకుంటుంది. చిన్నబిళ్ళలు పిల్లలకి అందనివ్వద్దు. రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పగిలిన ముక్కలు రేకు డబ్బాలో వేయకండి, నేను వేసి స్క్రూడ్రైవరుతో పీక్కున్నాను. ప్లాస్టిక్ డబ్బా మేలు.