కొత్తగా పోస్టింగ్ వచ్చిన టీచరమ్మలు మొదటి నెలలోనే చేసుకోవాల్సిన పనులు

డీఎస్సీ రాసి శ్రీకాకుళం జిల్లాలో మందస వైపో, మెళియాపుట్టి వైపో పోస్టింగ్ తెచ్చుకున్నాక ముందు ఇల్లు దొరకాలి. "మీరేటోళ్లమ్మా?" అని అడిగాకే అద్దె ఎంతో చెప్తారు. నేను ఎస్సీ అని చెప్పగానే, అప్పటిదాకా ఖాళీగా ఉన్న గదిలోకి వాళ్లబ్బాయి వస్తున్నాడన్నారు. అందుకే ఒక్కరే వీధులు తిరగకుండా ఆ మండలంలో పనిచేస్తున్న టీచర్లను అడగండి, ఎవరిస్తారో వాళ్లకు తెలుసు. కులం దాచి మాత్రం దిగకండి, మధ్యలో ఖాళీ చేయమంటే సామానుతో రోడ్డున పడతాం.

ఇక బడిలో పనుల పంపకం చూడండి. ముగ్గులు, స్వాగత గీతం, చంటిపిల్లల తరగతి, మధ్యాహ్న భోజనం దగ్గర కాపలా మేడమ్‌లకు, మండలాఫీసు పనులు, ఇన్‌చార్జి బాధ్యతలు సార్లకు. కావాలని చేశామని ఎవరూ ఒప్పుకోరు. ఒక నోటుబుక్కు పెట్టి నెల రోజులు ఏ పని ఎవరికి పడిందో తేదీతో సహా రాయండి, స్టాఫ్ మీటింగులో అది చూపించి వంతులేయమని అడగండి, ఆ తీర్మానం మినిట్స్ పుస్తకంలోకి ఎక్కేదాకా లేవకండి, ఎందుకంటే నోటిమాట వారం కూడా నిలవదు.

సవర తెగ గిరిజన అమ్మాయి టీచరుగా వస్తే "కోటా టీచరు" అంటారు. ఒకటో తరగతి సవర పిల్లాడితో వాడి భాషలో మాట్లాడగలిగేది ఆమే కదా! బయటి టీచర్లు సరిగా బడికి రావడం లేదనే 2000లో జీఓ 3 తెచ్చి ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకిచ్చారు. 2020లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నాకిప్పటికీ బాధే.

నలుగురిలో కులం పేరుతో తిడితే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం ఉంది, స్టేషన్‌లో ముందు విచారణ చేశాకే కేసు రాస్తామనడానికి లేదు. 14566కి ఫోన్ చేసి కూడా చెప్పొచ్చు.

లైంగిక వేధింపైతే 2013 చట్టం ప్రకారం మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. పదిమంది లోపు పనిచేసే చిన్న బడుల్లో కమిటీ ఉండదని చాలామంది అక్కడే ఆగిపోతారు. అలాంటివాళ్ల కోసమే జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది, నేరుగా అక్కడికే వెళ్లండి. ఈలోపు "బడి పరువు" అంటూ పెద్దమనుషులు రాజీకి కూర్చోబెడితే సంతకం పెట్టకండి. ఫిర్యాదు కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోండి, నోటుబుక్కును బడి బీరువాలో పెట్టకుండా ఇంటికి తెచ్చుకోండి.