దీపావళికి ముందే చెవుల సంగతి చూసుకోండి

టపాసులు కాల్చేటప్పుడు నూలు బట్టలు వేసుకుంటాం, పక్కన బకెట్‌తో నీళ్లు పెట్టుకుంటాం. చెవుల సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. కాలిన చర్మం చాలావరకు మానుతుంది. లోపలి చెవిలో చచ్చిపోయిన కణాలు మళ్లీ పుట్టవు.

శబ్దం తగిలితే కర్ణభేరి అదురుతుంది. దాని వెనకున్న మూడు బుల్లి ఎముకలు ఆ అదురును లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాకు అందిస్తాయి. అక్కడ సుమారు 15,000 రోమకణాలు దాన్ని మెదడుకు తెలిసే సంకేతాలుగా మారుస్తాయి. పెద్ద శబ్దం వస్తే మధ్య చెవిలో చిన్న కండరం ఒకటి బిగుసుకుని ఎముకల కదలికను కాస్త అదుపు చేస్తుంది. కానీ అందుకు సెకనులో పదో వంతు దాకా పట్టవచ్చు. బాంబు మోత ఈలోపే లోపలికి చేరిపోతుంది. అందుకే టపాసుల దగ్గర మన జాగ్రత్తలో మనం ఉండాల్సిందే.

ముందు దూరం. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. పేలిన చోటు నుంచి 4 మీటర్ల దగ్గర 125 డెసిబెల్స్ దాటే టపాసులు మన దేశంలో నిషేధం. అంటే నిబంధనలకు లోబడి చేసిన బాంబైనా దగ్గర నిలబడితే చెవికి ముప్పే. ఇరుకు సందుల్లో, అపార్ట్‌మెంట్ సెల్లార్లలో అసలే పేల్చొద్దు. గోడలకు తగిలి మోత ఇంకా పెరుగుతుంది.

చెవుల్లో దూది పెట్టుకుంటే చాలనుకోకండి, అది ఆపేది కొంచెమే. ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ కొనండి. ప్లగ్‌ను వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి, వెనక్కి లాగి పెట్టుకోండి. అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో అదిమి ఉంచాలి. పసిపిల్లలకు ఇవి వద్దు, నోట్లో పెట్టుకుంటే ప్రమాదం. వాళ్లను తలుపులు, కిటికీలు మూసిన గదిలోనే ఉంచండి.

చెవి దిబ్బడ వేసినా, గుయ్‌మంటున్నా ఆ రాత్రికి టపాసులు ఆపేయండి. తెల్లారినా తగ్గకపోతే, ఒక్కసారిగా వినికిడి తగ్గితే, నొప్పిగా ఉన్నా, రక్తం కనిపించినా వెంటనే ఈఎన్‌టీ డాక్టరును కలవండి. పండగ హడావుడి అయ్యాక చూద్దాంలే అనుకోవద్దు. వినికిడి హఠాత్తుగా పడిపోయినప్పుడు తొలి రోజుల్లో మొదలుపెట్టిన మందుకే ఫలితం ఎక్కువ. ఈలోగా నూనె, వెల్లుల్లి రసం లాంటివేవీ చెవిలో పోయకండి. కర్ణభేరికి చిల్లు పడి ఉంటే అవి మధ్య చెవిలోకి దిగి చీము పట్టవచ్చు. డాక్టరు చూసేదాకా తలస్నానం కూడా మానేయండి.