బ్రెయిన్‌స్పాన్ డేటాతో గ్రాఫ్ తేడాగా వస్తోందా? సమస్య - కారణం - పరిష్కారం

మెదడు ఎలా పెరుగుతుందో జీన్ ఎక్స్‌ప్రెషన్ డేటాతో (ఏ జీన్ ఎంత పనిచేస్తోందో చెప్పే లెక్కలతో) చూద్దాం అనుకునేవాళ్లు ఎక్కువగా ముందు డౌన్‌లోడ్ చేసేది బ్రెయిన్‌స్పాన్ డేటానే. అలెన్ ఇన్‌స్టిట్యూట్ సైట్‌లో ఫ్రీగా దొరుకుతుంది, 42 మంది డోనర్లు, 524 ఆర్‌ఎన్‌ఏ-సీక్ (కణజాలంలోని ఆర్‌ఎన్‌ఏని చదివి లెక్కపెట్టే పద్ధతి) శాంపిల్స్, కడుపులో 8 వారాల నుంచి 40 ఏళ్ల వయసు దాకా. చాలా విలువైన డేటా, కానీ కొన్ని చోట్ల కొత్తవాళ్లు కచ్చితంగా ఇరుక్కుంటారు.

సమస్య: శాంపిల్స్ లిస్టులో 524 ఉంటే మ్యాట్రిక్స్‌లో (ఎక్స్‌ప్రెషన్ విలువలున్న ఫైల్‌లో) 525 కాలమ్స్ ఉన్నాయి.
మొదటి కాలమ్ ఎక్స్‌ప్రెషన్ కాదండీ, వరస నంబర్. హెడర్ లేదని చెప్పి ఫైల్ చదివి ఆ కాలమ్ తీసేయండి. తీయకుండా పేర్లు అతికిస్తే ఒక్కోసారి ఎర్రర్ కూడా రాదు, ఒకళ్ల డేటా ఇంకొకళ్ల పేరు మీదకి జరిగిపోతుంది. ఎక్సిస్ట్ (XIST) జీన్ ఆడవాళ్ల శాంపిల్స్‌లోనే ఎక్కువ ఉందా అని ఒక్కసారి చూస్తే వెంటనే తెలిసిపోతుంది.

సమస్య: గ్రాఫ్‌లో పదకొండేళ్ల పిల్లలు 12 వారాల పిండం కంటే ముందు వస్తున్నారు.
వయసు అక్షరాల్లో ఉంది, వారాలు, నెలలు, ఏళ్లు మూడూ కలిసి. అన్నిటినీ గర్భం మొదలైన రోజు నుంచి రోజుల్లోకి మార్చండి, పుట్టుక 266వ రోజు అనుకోండి, తర్వాత లాగ్ స్కేల్ వేయండి, లేకపోతే పుట్టకముందు జరిగేదంతా ఎడమ మూల ఒక గీతలా అయిపోతుంది. ఇంకోటి, ఇక్కడ వారాలు గర్భం వచ్చినప్పటి నుంచి లెక్క, డాక్టర్లు చెప్పేది ఆఖరి నెలసరి నుంచి, అంటే రెండు వారాలు ఎక్కువ. వేరే డేటాతో కలిపేటప్పుడు ఈ తేడా సరిచేయండి.

సమస్య: డీసెక్2 (DESeq2, జీన్ల తేడాలు లెక్కగట్టే ఆర్ ప్యాకేజీ) ఈ డేటాని ఒప్పుకోవట్లేదు.
అది అడిగేది పూర్ణాంకాల కౌంట్స్, ఈ మ్యాట్రిక్స్‌లో ఉన్నవి ఆర్‌పీకేఎం (RPKM), అంటే జీన్ పొడవునీ, శాంపిల్‌లోని మొత్తం రీడ్స్‌నీ (చదివిన ఆర్‌ఎన్‌ఏ ముక్కల్ని) బట్టి సరిచేసిన విలువలు. రౌండ్ చేసి ఇవ్వద్దు, దయచేసి. ఒకటి కలిపి లాగ్2 తీసి లిమ్మా (limma) అనే ఇంకో ఆర్ ప్యాకేజీలో పెట్టుకోండి.

సమస్య: నా జీన్ పుట్టాక పడిపోతోంది, అంటే న్యూరాన్లలో ఆఫ్ అయిపోయినట్టేనా?
అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే, ఇక్కడ తొందరపడితే మొత్తం కథే తప్పవుతుంది. ఈ శాంపిల్ ఒక్క కణం కాదు, కణజాలం ముక్క మొత్తం నూరి తీసిన ఆర్‌ఎన్‌ఏ. పుట్టాక ఆలిగోడెండ్రోసైట్లు అనే కణాలు బాగా పెరుగుతాయి, అవి న్యూరాన్ల తీగలకి చుట్టే మైలిన్ అనే పొర తయారీ ఊపందుకుంటుంది, ఎంబీపీ, పీఎల్‌పీ1 లాంటి జీన్లు రీడ్స్‌లో పెద్ద వాటా లాక్కుంటాయి. ఆర్‌పీకేఎం అంటే వాటానే కదా, మరి న్యూరాన్ లోపల ఏమీ మారకపోయినా మీ జీన్ తగ్గినట్టే కనిపిస్తుంది. అలాగని ప్రతి తగ్గుదలా ఉత్తిదే అనుకోకండి, డీసీఎక్స్ చూడండి, వలస వెళ్లే పసి న్యూరాన్ల జీన్ అది, న్యూరాన్ ముదిరాక నిజంగానే తగ్గుతుంది.
ఏది ఏదో తేల్చడానికి అవే శాంపిల్స్‌లో ఎంబీపీ (ఆలిగోడెండ్రోసైట్లకి గుర్తు), జీఎఫ్ఏపీ (ఆస్ట్రోసైట్లు అనే సహాయక కణాలకి), స్నాప్25 (న్యూరాన్లకి) గీతలు మీ జీన్ పక్కన వేయండి. ఎంబీపీ ఎక్కిన చోటే మీది దిగుతుంటే అనుమానించాలి. అప్పుడు కణాల నిష్పత్తి అంచనా వేసి మోడల్‌లో కలపండి, వీలైతే సింగిల్ సెల్ డేటాలో (ఒక్కో కణాన్నీ విడిగా కొలిచిన డేటాలో) ఒక్క న్యూరాన్లనే తీసుకుని వయసు వారీగా చూడండి, అక్కడా తగ్గితేనే తగ్గింది అని రాయండి.

సమస్య: పీ-వాల్యూలు నమ్మలేనంత చిన్నగా వస్తున్నాయి.
ఒకే డోనర్ నుంచి చాలా రీజియన్లు తీశారు, మీ మోడల్ ఏమో 524 మంది వేర్వేరు మనుషులు అనుకుంటోంది. డోనర్ ఐడీని ర్యాండమ్ ఎఫెక్ట్‌గా ఇవ్వండి, అంటే ఏ శాంపిల్స్ ఒకే మనిషివో మోడల్‌కి చెప్పండి. ఒక్క డీఎఫ్‌సీ (మెదడు ముందు భాగంలోని ఒక కార్టెక్స్ ప్రాంతం) రీజియనే తీసుకున్నా సరిపోతుంది, శాంపిల్స్ బాగా తగ్గుతాయి గానీ ఒక్కో చుక్కా ఒక్కో మనిషి అవుతుంది.