స్పిరులినాతో బరువు తగ్గాలనుకుంటే: కొనే ముందు, కొన్నాక

స్పిరులినా అంటే క్షారం ఎక్కువగా ఉన్న నీళ్ళలో పెరిగే నీలి ఆకుపచ్చ నాచును ఎండబెట్టి కొట్టిన పొడి. శాస్త్రజ్ఞులు దాన్ని బ్యాక్టీరియాల కింద లెక్కేస్తారు గానీ మందుల షాపులో అది నాచే. ఆఫ్రికాలో చాద్ సరస్సు ఒడ్డున ఉన్నవాళ్ళు దాన్ని వడగట్టి, బిళ్ళలుగా ఎండబెట్టి పులుసుల్లో వేసుకుంటారు. వాళ్ళకది తిండి. మన దగ్గర మాత్రం డబ్బా మీద సన్నటి నడుము బొమ్మ ఉంటుంది.

పని చేస్తుందా అంటే, కాస్త. అధిక బరువున్నవాళ్ళ మీద చేసిన పరీక్షలన్నీ కలిపి లెక్కగడితే, ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్ళ కంటే స్పిరులినా మింగినవాళ్ళు సగటున ఒకటిన్నర కిలో ఎక్కువ తగ్గారు. అదీ వారాల తరబడి, నెలల తరబడి వాడాక. పైగా ఆ పరీక్షలు చాలావరకు చిన్నవి. కాబట్టి పదిహేను రోజుల్లో ఐదు కిలోలు అన్న ప్రకటన కనిపిస్తే ఆ డబ్బాను అక్కడే వదిలేయండి.

స్పిరులినా "సగం ప్రోటీనే" అని అమ్మేవాళ్ళు చెప్పే మాట నిజమే. వంద గ్రాముల్లో 57 గ్రాముల దాకా ఉంటుంది. కానీ వంద గ్రాములు ఎవరూ తినరు. రోజుకు 3 గ్రాములంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు ఆరు. అందులో వచ్చే ప్రోటీన్ రెండు గ్రాముల లోపే, ఒక్క గుడ్డులో ఆరు గ్రాములుంటుంది. ఇంకో లెక్క కూడా కొనే ముందే వేసుకోండి: అరవై మాత్రల డబ్బాలో ఉండేది 30 గ్రాములు, పది రోజుల్లో ఖాళీ. మూడు నెలలకు తొమ్మిది డబ్బాలు. ఆ డబ్బుతో ఎన్ని పెసలు, శనగలు వస్తాయో పక్కన రాసుకుని చూడండి.

శాకాహారులు బి12 కోసం దీన్ని నమ్ముకోవద్దు. లేబుల్ మీద బి12 అని ఉన్నా, అందులో ఎక్కువ భాగం మన ఒంటికి పనికిరాని రకం.

కొనేటప్పుడు చూడాల్సింది బరువు తగ్గిస్తుందా అని కాదు, శుభ్రంగా ఉందా అని. నాచు తాను పెరిగిన నీళ్ళలో ఏముంటే అది పీల్చుకుంటుంది. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, పాదరసం అలా చేరతాయి. చెరువులో వేరే నాచు కలిస్తే మైక్రోసిస్టిన్ అనే విషం వస్తుంది, అది లివర్‌ను దెబ్బతీస్తుంది. సహజమైన సరస్సుల నుంచి తోడిన నాచుకు ఈ ప్రమాదం ఎక్కువ, కట్టిన తొట్లలో పెంచిన దానికి తక్కువ. డబ్బా మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (మన దేశ ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు 14 అంకెలు ఉండాలి. ఆ సంస్థ వెబ్‌సైట్లో కొడితే ఎవరి పేరున ఉందో తెలుస్తుంది. అయితే అది కంపెనీకి ఇచ్చిన లైసెన్సు, మీ చేతిలో ఉన్న డబ్బా నాణ్యతకు ఇచ్చిన హామీ కాదు. అందుకే కంపెనీకి మెయిల్ పెట్టి ఆ బ్యాచ్ ల్యాబ్ రిపోర్టు అడగండి. రిపోర్టులో బ్యాచ్ నంబరు, డబ్బా మీది నంబరు ఒకటే కావాలి. పైన చెప్పిన నాలుగు లోహాలు, మైక్రోసిస్టిన్, ఈ.కోలై, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాలు ఎంతున్నాయో పరీక్షించిన ఫలితాలు అందులో ఉండాలి. మైక్రోసిస్టిన్‌కు అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం పెట్టిన హద్దు గ్రాముకు ఒక మైక్రోగ్రాము. "కనబడలేదు" అని మాత్రమే రాసి, ఎంత తక్కువ మోతాదు వరకు కొలవగలరో రాయకపోతే ఆ మాటకు విలువ లేదు. రిపోర్టు ఇవ్వడానికి ఒప్పుకోనివాళ్ళ సరుకు కొనకండి. అమెరికాలో ఉన్న మనవాళ్ళు యూఎస్‌పీ లేదా ఎన్‌ఎస్‌ఎఫ్ (సరుకును పరీక్షించి ముద్ర వేసే సంస్థలు) ముద్ర ఉన్నది వెతుక్కుంటే ఈ తిప్పలు కొంత తగ్గుతాయి.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. గాజు గ్లాసులో చల్లని నీళ్ళు పోసి అర చెంచా పొడి కలపండి (మాత్రైతే నలిపి). రాత్రంతా కదపకుండా వదిలేయండి. పొద్దున పొడి అడుగున ఉండి, పై నీళ్ళు నీలంగా మారాలి. ఆ నీళ్ళను ఎండలో పట్టుకుని పక్క నుంచి చూస్తే ఎర్రటి మెరుపు కనిపిస్తుంది. ఫైకోసయనిన్ అనే రంగు గుణం అది. నీళ్ళు గోధుమ రంగులోనో మురికి పచ్చగానో ఉంటే, ఎండబెట్టేటప్పుడు వేడి ఎక్కువైంది, లేదా సరుకు పాతది. ఈ పరీక్ష నిమ్మరసంలో చేయకండి, పులుపుకు రంగు విరిగిపోతుంది. ఇది తాజాదనం చెబుతుందే గానీ సీసం ఉందో లేదో చెప్పదు.

వాడకం: మొదటి వారం రోజుకు 1 గ్రాము, భోజనంతో. కడుపు ఉబ్బరం, వికారం, తలనొప్పి లేకపోతే 2 గ్రాములు, ఆపైన 3. మలం పచ్చగా వస్తే కంగారు పడొద్దు. పొడిని వేడి కాఫీలో, ఉప్మాలో కలపకండి, 60 డిగ్రీలు దాటితే ఆ నీలం పోతుంది. మజ్జిగలో బాగానే ఉంటుంది, వాసన కూడా కొంత కప్పేస్తుంది. తడి చెంచా పెడితే పొడి గడ్డకట్టి పాడవుతుంది.

కొలత రోజూ కాదు, వారానికొకసారి: పొద్దున పరగడుపున బరువు, బొడ్డు దగ్గర నడుము. పన్నెండు వారాలకు నడుము కొలతలో మార్పు లేకపోతే ఆపేయండి. తిండి, నడక మార్చకుండా వేసుకున్నవాళ్ళకు సాధారణంగా అదే జరుగుతుంది.

లూపస్, కీళ్ళవాతం లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులు (ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటి మీదే తిరగబడేవి) ఉన్నవాళ్ళు, అవయవ మార్పిడి మందులు వాడేవాళ్ళు, ఫినైల్‌కీటోన్యూరియా (ప్రోటీన్‌లోని ఒక భాగం ఒంటికి అరగని పుట్టుజబ్బు) ఉన్నవాళ్ళు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీని జోలికి పోవద్దు. వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు), షుగర్ మందులు వాడేవాళ్ళు ముందు డాక్టరును అడగాలి. క్లోరెల్లా అని అమ్మే ఇంకో పచ్చ నాచులో రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే విటమిన్ కె ఉంటుంది కాబట్టి వార్ఫరిన్‌తో అది మరీ చిక్కు. కెల్ప్ అని అమ్మే సముద్రపు నాచు మాత్రలు ఇంకో తంటా: పెద్దవాళ్ళకు రోజుకు కావాల్సిన అయొడిన్ 150 మైక్రోగ్రాములే, కెల్ప్‌లో ఎంతుంటుందో మాత్రకూ మాత్రకూ తేడా. థైరాయిడ్ ఉన్నవాళ్ళు ముట్టుకోకూడదు.

చివరగా, మందు బాగా పనిచేస్తుంటేనే అనుమానించండి. నాచు మాత్ర మూడు రోజుల్లో ఆకలి చంపేయదు. ఆకలి పోయి, నోరెండి, గుండె దడ, నిద్రలేమి మొదలైతే అందులో సిబుట్రామిన్ కలిపి ఉండొచ్చు. గుండెకు ముప్పని మన దేశంలో 2011లో నిషేధించిన మందు అది, సన్నబడే "సహజ" మాత్రల్లో చెప్పకుండా కలుపుతుంటారు. వెంటనే ఆపేయండి. మిగిలిన మాత్రలు పారేయకుండా డబ్బాతో సహా డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి.